సముద్రానికి వీపు పెట్టిన ఉదయం

నేను వెళ్ళింది పనిమీద. సముద్రం చూసి రావాలన్న సరదా నాకు ఎప్పుడూ లేదు. ఇసుక చెప్పుల్లో పడితే చాలు, నాకు రోజంతా చిరాకే.

గవర్నర్‌పేటలో మాది ఫ్యాన్సీ డ్రెస్సుల దుకాణం. బడి వార్షికోత్సవాలకి చిలక, కృష్ణుడు, పోలీసు, వంకాయ, ఏది కావాలన్నా అద్దెకిస్తాం. లేనిది కుట్టించి ఇస్తాం. దివిసీమ చివర, సముద్రం ఒడ్డున, గాయపడ్డ తాబేళ్ళకి వైద్యం చేసే చిన్న కేంద్రం ఒకటుంది. బడి పిల్లలు వస్తుంటారు, వాళ్ళకి తాబేళ్ళ గురించి చెప్తుంటారు. అక్కడి పశువుల డాక్టరు కిరణ్ ఫోన్ చేసి, మనిషి తొడుక్కునే తాబేలు వేషం కావాలన్నాడు. ఫోము పెట్టి, పచ్చ వెల్వెట్ వేసి కుట్టించాను. పార్సిల్లో వేస్తే డిప్ప నలిగి అప్పడమవుతుందని నేనే బయల్దేరాను. "పార్సిల్ కన్నా నీకే ఖర్చెక్కువ, విమలా" అన్నాడు మా ఆయన. నేను వినలేదు.

కంకిపాడు దాకా

అవనిగడ్డ బస్సులో డిప్పని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వచ్చి దాన్నీ నన్నూ చూసి, "దీనికి హాఫ్ కొట్టమంటారా, ఫుల్లా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ మోకాళ్ళు మాత్రం అప్పుడే తిమ్మిరెక్కాయి.

కంకిపాడులో ఒకావిడ ఖాళీ గంపతో ఎక్కి నా పక్కన కూర్చుంది. మెత్తళ్ళు, ఆ ఎండు చేపలు అమ్ముకుని సముద్రం ఒడ్డుకి తిరిగి వెళ్తోంది. గంపలోంచి వచ్చే వాసనకి మొదట ముక్కు మూసుకున్నాను, కాసేపటికి అలవాటైపోయింది. ఎక్కడికని అడిగితే తాబేళ్ళ కేంద్రానికి అన్నాను.

"ఆ పిల్ల ఇంకా అక్కడే ఉందా?" అందావిడ.

"ఏ పిల్ల?"

"నాంచారమ్మ పిల్ల."

"నాకు తెలీదమ్మా. నేను వెళ్ళడం ఇదే మొదలు."

"ఉంటదిలే. పొమ్మంటే మాత్రం ఎక్కడికి పోద్ది" అని కిటికీ వైపు తిరిగింది. ఎవరో పనివాళ్ళ పిల్ల అయి ఉంటుందనుకున్నాను.

పామర్రులో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు తిన్నాను. మా వీధిలో నలభై తీసుకునే ప్లేటు అక్కడ ముప్ఫై, పైగా ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ విడిగా ఇచ్చాడు. బెజవాడలో నిమ్మకాయ అడిగితే ఆస్తి అడిగినట్టు చూస్తారు.

చెరువుల దారి

అవనిగడ్డ నుంచి ఆటో. ముందంతా మినుము చేలు, పీకి కుప్పలు వేసినవి కొన్ని, ఇంకా పచ్చగా ఉన్నవి కొన్ని. మనుషులు కనిపిస్తున్నారు, మాటలు వినిపిస్తున్నాయి. కోడూరు దాటాక చేలు పోయి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. చెరువుకి రెండేసి, మూడేసి చక్రాలు నీళ్ళని చిలుకుతూ తిరుగుతున్నాయి. గట్లమీద మాత్రం ఒక్క మనిషి లేడు. కనుచూపు మేరలో ఇల్లు లేదు, చెట్టు లేదు. మధ్యాహ్నం ఎండలో, ఎవరూ లేనిచోట, అన్ని చక్రాలు అలా వాటంతటవే తిరుగుతుంటే నాకేం బాగాలేదు. ఆటో అబ్బాయిని ఏదో ఒకటి మాట్లాడమన్నాను. "ఏం మాట్లాడమంటారండీ" అన్నాడు.

నీలం తొట్లు

కేంద్రమంటే పెద్ద భవనం ఊహించుకున్నాను. సరుగుడు చెట్ల మధ్య ఒక రేకుల షెడ్డు, దానికింద వరసగా నీలం తొట్లు, పక్కన పిల్లలు కూర్చునే పొడుగాటి గది. డాక్టరు కిరణ్ సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. డిప్పని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్చం తాబేలేనండీ" అన్నాడు. ఆ ఒక్కమాటతో నా మోకాళ్ళ నొప్పి సగం తగ్గింది.

తొట్లు చూపించాడు. ఒకదానికి పడవ ఫ్యాను తగిలి డిప్ప పగిలితే అతికించారు. ఇంకొకటి గాలం మింగింది. అన్నీ నీళ్ళలో గుండ్రంగా తిరుగుతున్నాయి. చివరి తొట్టిలో ఉన్నది మాత్రం కదలడం లేదు. దానికి ఎడమవైపు ముందు రెక్క లేదు. వల తాడు బిగుసుకుని కుళ్ళిపోతే తీసేశారట. మూతిని తొట్టి గోడకి ఆనించి అలా ఉండిపోయింది.

"సముద్రం అటు కదా, ఇది ఇటు చూస్తుందేంటి?" అన్నాను.

"మోటారు చప్పుడికి అనుకున్నామండీ. మోటారు మార్చాం. ఇటే చూసింది. తొట్టి మార్చాం. ఇటే."

"ఇటువైపు ఏముంది?"

"నాంచారమ్మ గారి పాక. ఇక్కడ వీటికి తిండి పెట్టేది ఆవిడే."

బస్సులో విన్న పేరు. ఆ సంగతి అడిగేలోపే తాబేలు కదిలింది. మెల్లగా, ఉన్నచోటే, గోడవైపు నుంచి షెడ్డు గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో ఎవరూ లేరు. నేను గుమ్మం వైపు, డాక్టరు నా మొహం వైపు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి చేపల గిన్నె పట్టుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. బక్కపలచని మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉంది. తొట్టి దగ్గరికొచ్చి "అమ్మడూ" అంది. తాబేలు తల నీళ్ళలోంచి పైకొచ్చింది.

"అడుగుల అదురు ఇసుకలోంచి దీనికి తెలుస్తుందండీ" అన్నాడు డాక్టరు, నేను అడక్కుండానే.

"ఇంతమంది నడుస్తుంటే ఆవిడ అడుగులే ఎందుకు తెలియాలి?"

"అదే నాకూ తెలీదు."

ఆవిడ వెళ్ళాక అసలు సంగతి చెప్పాడు. ఈ తాబేలుని ఇంతకుముందు రెండుసార్లు సముద్రంలో వదిలారు. మొదటిసారి అతిథులొచ్చారు, ఉపన్యాసాలిచ్చారు, డప్పులు కొట్టారు, అందరూ ఫోన్లు పట్టుకుని చూస్తుండగా నీళ్ళలోకి వెళ్ళింది. మర్నాడు తెల్లారేసరికి నాంచారమ్మ పాక ముందు ఇసుకలో ఉంది. రెండోసారి పడవలో చాలా లోపలికి తీసుకెళ్ళి వదిలారు. చిక్కి సగమై అక్కడికే వచ్చింది. ఇప్పుడు మూడోసారి. "రేపు పొద్దున్నే వదులుతున్నాం. ఈసారి కూడా ఒడ్డున దొరికితే ఇక సముద్రానికి పనికిరాదని రాసేసి, సిటీలో గాజు అక్వేరియంకి పంపేస్తారు. ఆర్డరొచ్చేసింది. అక్కడ చచ్చేదాకా అద్దాల మధ్యే" అన్నాడు.

డిప్ప మోసిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం అవనిగడ్డ వైపు నుంచి ఒక బడి పిల్లలు వచ్చారు. వేషం కట్టాల్సిన వాచ్‌మన్‌కి జ్వరం. అందరూ నావైపు చూశారు. యాభై దాటిన మనిషిని, ఇరవై ఏళ్ళుగా వందలమందికి వేషాలిచ్చాను కానీ నేనొక్కటీ కట్టలేదు. "కొలతలు మీకు తెలుసు కదండీ" అన్నాడు డాక్టరు. తప్పలేదు.

లోపల ఉక్కకి ప్రాణం పోయింది. ఎవరికైనా కుట్టేటప్పుడు గాలికి ఇంకో రెండు కన్నాలు పెట్టాలని ఆరోజే తెలుసుకున్నాను. డాక్టరు గాజు గిన్నెలో పాలిథిన్ కవరు ముంచి, నీళ్ళలో అది జెల్లీ చేపలా ఎలా కనిపిస్తుందో, తాబేలు దాన్ని మింగితే ఏమవుతుందో చెప్పాడు. నేను కవరు మింగినట్టు నటించి కింద పడ్డాను. పిల్లలు విరగబడి నవ్వారు. ఒకమ్మాయి లేచి, "చచ్చిపోతే మళ్ళీ వస్తదా సార్?" అని అడిగింది. డాక్టరు మంచినీళ్ళు తాగాడు.

మూతి దగ్గర వల గుడ్డలోంచి చూస్తే గది చివర నాంచారమ్మ నిలబడి ఉంది. నవ్వడం లేదు. నేను కింద పడి ఉన్నంతసేపూ నన్నే చూసింది. పిల్లలు వెళ్ళాక దగ్గరికొచ్చి, "అక్కగారూ, ముందు ఆ తల తీసెయ్యండి" అంది. తీసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

నాంచారమ్మ పాక

సాయంత్రం అన్నానికి రమ్మంది. పాక సముద్రానికి ఎదురుగా ఉంది. గుమ్మానికి తలుపుంది కానీ అది ఎప్పుడూ వేసినట్టు లేదు, కింద సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. పండుగప్ప చేప పులుసు పెట్టింది. మామిడికాయ వేసి, మెంతిపొడి చల్లి, ఇగరబెట్టిన పులుసు. మా ఇంట్లో నేను పెట్టే పులుసు గుర్తొచ్చి సిగ్గేసింది. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.

ఇంకా వెలుతురుండగానే తినేశాం. బస్సులో ఆవిడ అన్న మాట నా కడుపులో ఉండలేదు. చెప్పేశాను. నాంచారమ్మ కోప్పడలేదు.

"ఊళ్ళో అందరూ అట్టాగే అంటారక్కా. నాకొక కూతురుండేది. ఎనిమిదేళ్ళది. పీతల కోసం నాతోపాటు మడ అడవిలోకి వచ్చింది. పోటు వచ్చి పాయ నిండిపోయింది. నేనొక కొమ్మ పట్టుకున్నా. అది నన్ను పట్టుకోలేకపోయింది." ఖాళీ కంచాలు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "దొరకలేదు. ఆ తర్వాత మా ఆయన కూడా విశాఖపట్నం బోట్లలోకి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు."

ఆవిడే మళ్ళీ చెప్పింది.

"మా ఊళ్ళో మనిషిని పూడ్చినాక అందరం ఒక్కసారే వెనక్కి తిరిగి వచ్చేస్తాం. ఎవరూ తిరిగి చూడరు. చూస్తే, వీళ్ళకి నేనింకా కావాలి గదా అని ఆ పోయిన మనిషి లేచి వెంటొస్తది. నా పిల్లని పూడ్చలేదు. దొరికితే గదా. పూడ్చని పిల్లకి వీపెట్టా చూపిచ్చేది? నేను ఆయాల్టి నుంచీ ఈ గుమ్మంలో కూర్చుని చూస్తానే ఉన్నా."

మా ఇళ్ళల్లోనూ శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి చూడొద్దంటారు. ఇప్పుడు మా బెజవాడలో సగంమంది ఫోన్లు చూసుకుంటూ వస్తారు, వాళ్ళకి వెనకేముందో ముందేముందో కూడా తెలీదు. ఇక్కడ ఆ మాటకి ఇంత బరువుందని నాకు అప్పుడే తెలిసింది.

"మీరు కూడా అది మీ పిల్లే అనుకుంటున్నారా?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"అన్లేదక్కా. అనుకోలేదని మాత్రం చెప్పలేను" అంది నాంచారమ్మ. "ఎవరైతేనేం. అద్దాల పెట్టెలో పెడతారంట. అక్కడ చావాలా అది? నావల్లే గదా వస్తంది."

మంచులో

రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లారేసరికి మంచు. పదడుగుల దాకా మనుషులు మసకగా కనిపిస్తున్నారు, అంతే. సముద్రం లేదు, దాని చప్పుడుంది.

"రెండుసార్లు నా పద్ధతిలో వదిలానండీ. ఈసారి ఊరివాళ్ళ పద్ధతి" అన్నాడు డాక్టరు. కబురు పెట్టకుండానే ఊరంతా వచ్చింది. ముసలివాళ్ళు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. ఎవరూ మాట్లాడలేదు, ఒక్క పిల్ల ఏడవలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే సముద్రానికి వీపుపెట్టి నిలబడుతున్నారు. మంచులోంచి అన్ని మొహాలు ఊరివైపు తిరిగి నన్నే చూస్తున్నట్టున్నాయి. నాకు భయమేసింది. దాచుకోవడం ఎందుకు, చాలా భయమేసింది. వెళ్ళి నాంచారమ్మ పక్కన, ఆవిడలాగే తిరిగి నిలబడ్డాను.

"ఈ మంచులో తిరిగినా ఏం కనపడదు కదమ్మా" అన్నాను, ధైర్యం కోసం.

"కనపడతదని కాదక్కా. తిరక్కూడదు."

డాక్టరు, ఇంకో ఇద్దరు తాబేలుని మోసుకెళ్ళి తడి ఇసుకలో పెట్టి, వాళ్ళూ వెనుదిరిగి వచ్చి మాతో కలిశారు. ఊరి పెద్దాయన ఒకాయన "పదండి" అన్నాడు. అందరం నడవడం మొదలుపెట్టాం.

కొంతదూరం వచ్చామో లేదో వెనక చప్పుడు. తడి ఇసుకని ఏదో చరుస్తున్న చప్పుడు. ఒక్క దెబ్బ, కాసేపు ఈడ్పు, మళ్ళీ ఒక్క దెబ్బ. ఒక రెక్క లేదు కదా. అది దూరమవ్వాలి. దూరం కావడం లేదు, మా వెనకే వస్తోంది. అంతమందిలో ఒక్కరు తల తిప్పలేదు, ఒక్కరు అడుగు వేగం పెంచలేదు.

నాంచారమ్మ నా చెయ్యి పట్టుకుంది. నడుస్తూనే, తల తిప్పకుండానే, పెద్దగా అంది.

"నేనిక్కడ ఉండనమ్మా. నువ్వెన్నిసార్లొచ్చినా ఉండను. వెళ్ళిపో."

చప్పుడు ఆగిపోయింది. వెనక నుంచి గట్టిగా ఒక ఊపిరి వినిపించింది. తాబేళ్ళు ఇసుకమీద అలాగే ఊపిరి తీస్తాయని డాక్టరు తర్వాత చెప్పాడు. మనిషి నిట్టూర్పుకీ దానికీ తేడా నాకు తెలియలేదు. ఆ తర్వాత మళ్ళీ ఒక్క దెబ్బ, ఒక ఈడ్పు. అవి దూరమవుతూ వెళ్ళి అలల చప్పుడులో కలిసిపోయాయి. సరుగుడు చెట్ల దాకా వచ్చి కుండల్లో నీళ్ళతో కాళ్ళు కడుక్కుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. నాంచారమ్మ నా చెయ్యి వదిలాక చూసుకుంటే నాలుగు గోళ్ళ గుర్తులున్నాయి.

తిరుగు బస్సు

ఆటో ఎక్కబోతుంటే నాంచారమ్మ ఒక చేతిసంచీతో వచ్చింది. "నేనూ వస్తా అక్కా."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. ఉండనని చెప్పా గదా. చెప్పింది అబద్ధమైతే మళ్ళీ వస్తది."

డాక్టరు బతిమాలాడు. మిగతా తాబేళ్ళకి తిండి ఎవరు పెడతారన్నాడు. అది ఏదో అలా అన్న మాట కానీ ఇలా ఊరొదిలి వెళ్ళాల్సిన పనిలేదన్నాడు. ఆవిడ వినలేదు. ఇసుకలో కూరుకుపోయిన తలుపుని ఇద్దరు మనుషుల చేత తవ్వించి, మూసి, గొళ్ళెం పెట్టి వచ్చిందట. నేను వద్దని చెప్పొచ్చు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇంటికి తీసుకెళ్తే మా ఆయన ఏమంటాడోనన్న భయం కూడా ఉంది. కానీ పొద్దున్న ఆవిడ ఆ మాట అన్నప్పుడు చెయ్యి పట్టుకుని ఉన్నదాన్ని నేను. వద్దని ఏ నోటితో చెప్పను?

దారిలో టీ తాగమంటే వద్దంది, బజ్జీలు కొనిస్తే ఒళ్ళో పెట్టుకుని మర్చిపోయింది. ఉయ్యూరు దాటాక ఒకే ఒక్క మాట అడిగింది. "ఇక్కడికి సముద్రం చప్పుడు వినపడదు గదా అక్కా?"

"వినపడదు" అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకుంది.

మళ్ళీ గవర్నర్‌పేట

మా ఆయన ఏమీ అనలేదు. నాంచారమ్మ దుకాణం వెనక గదిలో ఉంటోంది. హుక్కులు, గుండీలు కుడుతుంది, వేషాలు ఇస్త్రీ చేస్తుంది. తాబేలు సంగతి ఆవిడ ఎత్తదు, నేనూ ఎత్తను.

కొన్ని వారాల తర్వాత డాక్టరు ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. మేం వచ్చేసిన వారానికి ఒకరోజు తెల్లవారుజామున ఒడ్డున ఆనవాళ్ళు చూశాడట. ఒక రెక్క లేని తాబేలు నడిచిన ఆనవాళ్ళు. నీళ్ళలోంచి వచ్చి, తిన్నగా పాక దాకా వెళ్ళి, మూసిన తలుపు ముందు ఆగి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోయిందట. ఎవరైనా చూస్తే వెతికి పట్టుకొస్తారని ఆ ఆనవాళ్ళన్నీ అతనే కాళ్ళతో చెరిపేశాడు. ఆ తర్వాత ఇన్నాళ్ళలో మళ్ళీ రాలేదన్నాడు.

నాంచారమ్మకి చెప్పాను. చెప్పకపోతే మోసం చేసినట్టనిపించింది. చేతిలో ఉన్న చిలక రెక్కకి హుక్కు కుట్టడం పూర్తిచేసి, దారం తెంపి, తల ఎత్తకుండా అడిగింది.

"ఎంతసేపు ఉందంట?"

"కాసేపేనట. వెంటనే వెళ్ళిపోయిందట" అన్నాను.

తల ఊపింది. ఇంకో రెక్క అందుకుంది.

తలుపు ముందు ఇసుకలో, మనిషి పడుకుని లేచినంత లోతుగా గుంట పడి ఉందని, చాలాసేపు కదలకుండా ఉంటే తప్ప అంత గుంట పడదని డాక్టరు చెప్పాడు. ఆ ముక్క మాత్రం నేను చెప్పలేదు.